కరెంటు ఎక్కడిదాకా వచ్చింది?

ఆంధ్రప్రదేశ్ ఉపాధి, శిక్షణ శాఖ డైరెక్టర్ గారికి,



నేను విశాఖపట్నం మర్రిపాలెంలో ఉంటున్న రిటైర్డ్ ఎలక్ట్రీషియన్‌ని. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా మోటార్లు, ప్యానెళ్లు, కేబుళ్ల మధ్యే గడిపాను. ఉత్తరం మీకే అయినా మా ఊళ్లో షెడ్లు నడిపేవాళ్లు, పాత బండ్లున్నవాళ్లు, పిల్లల్ని ఐటీఐకి పంపే తల్లిదండ్రులు కూడా చదవాలని బహిరంగంగా రాస్తున్నాను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ప్రభుత్వ ఐటీఐల్లో మోటార్ మెకానిక్ నేర్చుకునే పిల్లల కోసం ఒక బల్ల అడుగుతున్నాను. దాని మీద ఏమేం ఉండాలో, ఎందుకు ఉండాలో చెప్పాలంటే ముందు మా కారు సంగతి చెప్పాలి.

మా నాన్నగారు షిప్‌యార్డులో పనిచేసేవారు. 1986లో ప్రీమియర్ పద్మిని కొన్నారు. స్టీరింగు పక్కన గేరు కడ్డీ, ముందు ఒకే పొడవాటి సీటు, 1089 సీసీ ఇంజను. ఆ కారులోనే మా చెల్లెలు అత్తారింటికి వెళ్లింది. నాన్నగారిని చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా అందులోనే. ఆయన పోయాక అమ్మాలనిపించలేదు. కాగితాలన్నీ సరిగా పెట్టుకుని నెలకు రెండుసార్లు బయటికి తీస్తాను.

పోయిన వానాకాలం రెండు నెలలు బండి కదల్లేదు. ఒకరోజు తెల్లవారుజామున సింహాచలం వెళ్దామని తాళం తిప్పాను. సెల్ఫ్ కొడుతోంది, ఇంజను అందుకోవడం లేదు. పది నిమిషాలు అలాగే కొట్టి, బ్యాటరీ నీరసించేసరికి ఆపేశాను.

మా వీధి చివర ఒక కుర్రాడి షెడ్డుంది. ఇరవై రెండేళ్లుంటాయి. ఐటీఐ చదివాడు, ఎక్కడ చదివాడో ఇక్కడ అనవసరం. మంచి పనివాడు. కొత్త కార్లకు స్కానర్ తగిలించి, తెర మీద వచ్చే కోడ్ చూసి చకచకా పని చేసేస్తాడు. వచ్చి, ప్లగ్గు విప్పి చూసి, “కరెంటు రావట్లేదు అంకుల్” అన్నాడు. సరైన మాటే. అక్కణ్ణుంచి ఏం చెయ్యాలో మాత్రం వాడికి పాలుపోలేదు. తన షెడ్డులో బ్యాటరీ తెచ్చి పెట్టాడు. నాలుగు ప్లగ్గులూ మార్చాడు. గాజువాక ఆటోనగర్ అంతా తిరిగి కొత్త కాయిల్ తెచ్చి బిగించాడు. మూడు రోజులు గడిచాయి, సామాన్లకే రెండు వేల ఆరు వందలు అయ్యాయి, ఇంజను మాత్రం ఉలకలేదు.

నాలుగో రోజు, “అంకుల్, దీనికి స్కానర్ పెట్టే చోటు లేదు. ఏం పోయిందో ఇది చెప్పదు. డిస్ట్రిబ్యూటరే పోయి ఉంటుంది. అది దొరకడం కష్టం. తుక్కుకి ఇచ్చేయండి” అన్నాడు. తల దించుకునే అన్నాడు. వాణ్ని ఏమనగలను? వేల వోల్టుల మోటార్లు చూసిన నాకే ఆ నల్లటి మూత కింద ఏముందో తెలియదు. తెలుసుకునే అవసరం రాలేదు, మా మేస్త్రి గారు ఉండేవారు.

ఆయనకు అల్లిపురంలో షెడ్డుండేది. ఎనిమిదేళ్ల కిందట మూసేసి గోపాలపట్నంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే ఆటోలో దిగారు. చేతిలో గుడ్డసంచి ఉంది. అందులో ఒక పటకారు, సన్నటి ఆకురాయి, ఫీలర్ గేజ్, పాత స్కూటర్ వెనక దీపం బల్బుకు రెండు తీగలు అతికించి చేసుకున్న టెస్టర్. అంతే.

“ఏటి బాబుగారూ, మొరాయిస్తందా?” అంటూ బానెట్ ఎత్తారు.

తరవాత నలభై నిమిషాల్లో ఆయన చేసినదంతా నేను పక్కన నిలబడి చూశాను. అది మీకు వివరంగా చెప్పకపోతే నేను అడిగేది ఎందుకు అడుగుతున్నానో అర్థం కాదు.

మొదట ప్లగ్గు విప్పి వాసన చూశారు. తడిగా ఉంది, పెట్రోలు కంపు కొడుతోంది. అంటే పెట్రోలు లోపలికి వస్తోంది, ఆ వైపు వెతకనక్కర్లేదు. తరవాత డిస్ట్రిబ్యూటర్ మూత నడిమధ్యకు వచ్చే లావుపాటి వైరు ఊడదీసి, ప్లాస్టిక్ పిడి పటకారుతో పట్టుకుని, దాని కొస ఇంజను ఇనుముకు అర సెంటీమీటరు దూరంలో ఉంచి, కుర్రాణ్ని సెల్ఫ్ కొట్టమన్నారు. అక్కడ చిటపటమంటూ నీలం రంగు రవ్వ దూకాలి. దూకితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే. అప్పుడు తప్పు అవతల, అంటే మూతలోనో, రోటర్‌లోనో, ప్లగ్గు వైర్లలోనో ఉండాలి. దూకకపోతే ఇవతల ఉండాలి. ఒక్క పరీక్షతో సగం బండిని పక్కన పెట్టెయ్యొచ్చు.

దూకలేదు. “ఇక్కడిదాకా రాలేదు నాన్నా. మరి ఎక్కడిదాకా వచ్చిందో అడుగుదాం” అన్నారు కుర్రాడితో.

డైరెక్టర్ గారూ, ఆ కరెంటు దారి ఇదీ. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి, పెట్రోలు ఆవిరి మధ్య రవ్వ దూకాలంటే పది పదిహేను వేల వోల్టులైనా కావాలి. ఆ పని కాయిల్ చేస్తుంది. ఇనుప కడ్డీ మీద లావు తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకంత సన్నటి తీగ వేల చుట్లు. లావు చుట్టలో కరెంటు పారుతున్నంతసేపూ ఇనుము అయస్కాంతమై ఉంటుంది. ఆ కరెంటును ఠక్కున తెంపితే అయస్కాంత బలం ఒక్కసారిగా కుప్పకూలి, సన్న చుట్టలో వేల వోల్టులు పుడతాయి. ఈ సూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. దాన్ని బ్యాటరీతో, కాయిల్‌తో కారుకు పనికొచ్చేలా అమర్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్. 1910 కాడిలాక్ కార్లలో అది మొదట వచ్చింది. మా పద్మినిలో ఉన్నదీ అదే ఏర్పాటు.

తెంపే పని పాయింట్లది. చిటికెన వేలి గోరు కన్నా చిన్న రెండు టంగ్‌స్టన్ బిళ్లలు. డిస్ట్రిబ్యూటర్ నడుమ తిరిగే ఇరుసుకు నాలుగు మూలలుంటాయి. ఒక్కో మూల తగిలినప్పుడల్లా బిళ్లలు విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. విడిపోయిన ప్రతిసారీ ఒక రవ్వ. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఆ బిళ్లలు సెకనుకు వందసార్లు విడిపోతాయి. విడిపోయినప్పుడు వాటి మధ్య ఉండాల్సిన సందు అర మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ. ఆ సందులో రవ్వ పుట్టి బిళ్లల్ని కాల్చెయ్యకుండా పక్కనే బొటనవేలంత డబ్బా ఒకటుంటుంది, అది కండెన్సర్. తెంపడం ఠక్కున జరగడానికి కూడా అదే ఆధారం. కండెన్సర్ చచ్చిపోయిన బండిలో రవ్వ పసుపుపచ్చగా, నీరసంగా వస్తుంది, పాయింట్లు నల్లగా మాడిపోతాయి. కొత్త పాయింట్లు వేసినా నెలకే మళ్లీ మాడిపోతున్నాయంటే పాయింట్లను తిట్టి లాభం లేదు.

మేస్త్రి గారు బల్బు టెస్టర్ తీశారు. ఒక తీగ ఇంజను ఇనుముకు తగిలించి, రెండోది కాయిల్‌కు తాళం వైపు నుంచి వచ్చే మర మీద పెట్టారు. బల్బు వెలిగింది. వెలక్కపోతే తాళం, ఫ్యూజు, వైర్లు చూడాల్సి వచ్చేది. తరవాత కాయిల్ రెండో మర మీద పెట్టారు. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైపు అది. ఇక్కడ తమాషా ఉంది. పాయింట్లు కలిసి ఉంటే కరెంటు వాటి గుండా ఇనుములోకి జారిపోతుంది కాబట్టి బల్బు ఆరిపోవాలి, విడిపోతే వెలగాలి. సెల్ఫ్ కొడితే మిణుకు మిణుకుమనాలి.

మిణుకుమనలేదు. వెలిగింది వెలిగినట్టే ఉంది.

“కాయిల్ దాటి వచ్చింది. అవతల దిగిపోడానికి దారి లేదు” అన్నారాయన. అంటే మావాడు మార్చిన కాయిల్ అసలు చెడిపోనే లేదు. ఈ రెండు నిమిషాల పరీక్ష ముందే చేసి ఉంటే అది తేలిపోయేది. కుర్రాడు నా వైపు చూడలేకపోయాడు.

మామూలుగా దారి లేకపోవడానికి పాయింట్ల మీద పట్టిన మడ్డి కారణం. బండి నెలల తరబడి నిలబడితే సముద్రపు గాలికి బిళ్లల మీద కంటికి కనపడని పొర పడుతుంది. మేస్త్రి గారు మూత తీసి, బిళ్లల మధ్య ఆకురాయి రెండుసార్లు లాగి, పెట్రోలులో ముంచిన అట్టముక్క లాగారు. గరుకు కాగితం వాడకూడదట, దాని పొడి బిళ్లల్లో ఇరుక్కుని మళ్లీ అదే జబ్బు తెస్తుంది. కొత్త పాయింట్లకు కూడా తయారైన చోట రాసిన నూనె పొర ఉంటుంది, తుడవకుండా బిగిస్తే కొత్తవే పనిచెయ్యవు. ఇంత చేసినా బల్బు మిణుకుమనలేదు.

బిళ్లలు కలవకుండా మధ్యలో ఎండు అట్టముక్క పెట్టారు. బల్బు తీగను డిస్ట్రిబ్యూటర్ బయటి మర మీద పెడితే వెలిగింది. లోపల, పాయింటుకు ఆనుకున్న పల్చటి స్ప్రింగు మీద పెట్టారు. చీకటి. మళ్లీ బయట వెలుగు, మళ్లీ లోపల చీకటి. ఈ రెంటి మధ్య ఉన్నది బెత్తెడు తీగ. పైన తొడుగుతో చక్కగా, చెక్కు చెదరకుండా కనిపిస్తోంది. మూడు రోజులూ కుర్రాడు దాన్ని చూస్తూనే ఉన్నాడు, బాగానే ఉందనుకున్నాడు. మేస్త్రి గారు దాని రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగారు. రబ్బరులా సాగింది.

లోపల రాగి తెగిపోయింది. పైన తొడుగు మాత్రమే మిగిలింది. ఇంజను అదురుకు, వేడికి, పాయింటు లక్షలసార్లు కొట్టుకోవడానికి ముప్పై తొమ్మిదేళ్లు తట్టుకుని ఆ తీగ ఆ వానాకాలంలో తెగింది.

అదే కొలతకు మెత్తటి పోగుల తీగ కోసి అతికించారు. ఒంటి తీగ పెడితే నెల తిరక్కుండా విరిగిపోతుందట. తొడుగు ఎక్కించి, ఫీలర్ గేజ్‌తో సందు చూసి, మూత పెట్టారు. రెండో చుట్టుకే ఇంజను అందుకుంది. సామానుకు పదిహేను రూపాయలు కూడా కాలేదు. మేస్త్రి గారు మూడు వందలు తీసుకున్నారు, నేను ఎక్కువ ఇవ్వబోతే ఒప్పుకోలేదు.

ఇంతవరకు ఇది ఒక కారు కథ. మీకు రాయాలనిపించింది తరవాత జరిగినదాని వల్ల.

కుర్రాడు ఆ తెగిన తీగను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. “ఇగ్నిషన్ పాఠం ఉందండి మాకు. బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చేత్తో మాత్రం ముట్టుకోలేదు” అన్నాడు. మేస్త్రి గారు వాణ్ని అవతలికి వెళ్లి టీ తెమ్మన్నారు. తెచ్చేలోపు పాయింట్ల మధ్య చిన్న కాగితం ముక్క ఇరికించి మూత పెట్టేశారు. వాడు తాళం తిప్పితే బండి కదల్లేదు. “ఇప్పుడు నువ్వడుగు” అని బల్బు వాడి చేతికిచ్చారు. పది నిమిషాల్లో పట్టుకున్నాడు. తరవాత పాయింట్ల మర కింద ఉండే కాగితపు వాషర్ తీసేసి ఊరుకున్నారు. ఈసారి బల్బు అసలే వెలగదు, ఎందుకంటే కరెంటు ముందే ఇనుములోకి దిగిపోతోంది. కండెన్సర్ లోపల అతుక్కుపోయినా ఇలాగే ఉంటుంది. వాడు డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరు ఊడదీసి చూశాడు, కాయిల్ మర మీద బల్బు వెలిగింది. “తప్పు కాయిల్‌లో లేదు, లోపలుంది” అని వాడే అన్నాడు. ఎవరూ చెప్పలేదు. మూడోది కష్టం. రోటర్ చూడటానికి బాగానే ఉండి, లోపల సన్నగా చీలి, రవ్వను ఇరుసులోకి దించేస్తుంటే ప్లగ్గుకు ఏమీ చేరదు. అలాంటి పాత రోటర్ ఒకటి మేస్త్రి గారి సంచి అడుగున ఉంది! ఎన్నేళ్లు దాచారో. దాన్ని పట్టుకోవడానికి వాడికి అరగంట పట్టింది. పట్టుకున్నాక వాడి ముఖం చూసి నాకు మా కర్మాగారంలో మొదటి ఏడాది గుర్తొచ్చింది.

ఆ ఒక్క పూటలో వాడు నేర్చుకున్నది ఐటీఐలో నేర్చుకున్నదానికన్నా ఎక్కువని నేననను. స్కానర్ పని వాడికి మా ఇద్దరికన్నా బాగా వచ్చు. స్కానర్ ఎదురుగా లేనప్పుడు కూడా కాళ్లు తడబడకుండా నిలబడటం ఆ పూట నేర్చుకున్నాడు.

మీరు అడగొచ్చు, రేపో మాపో అన్నీ కరెంటు బండ్లే కదా, పాయింట్లు, కండెన్సర్లు ఇంకా ఎందుకు అని. న్యాయమైన ప్రశ్న. ముంబయిలో పద్మిని టాక్సీలకు కూడా 2023 అక్టోబరుతో కాలం తీరిపోయింది. పొగ కక్కే పాత బండ్లు రోడ్డు దిగాలన్న మాటకు నేను అడ్డు చెప్పను. ప్రతి పిల్లవాడూ పాయింట్ల మెకానిక్ కావాలనీ నేను కోరడం లేదు. పద్మినిలో వెతికిన పద్ధతే నేటి కార్లలోనూ పనికొస్తుంది. పాయింట్ల స్థానంలో సెన్సర్ వచ్చింది, ఒక కాయిల్ బదులు ప్లగ్గుకొక కాయిల్ వచ్చింది. అయినా కాయిల్‌కు కరెంటు వచ్చిందా, దిగిపోయే దారి ఉందా, తెంపే ఆజ్ఞ అందుతోందా అన్న మూడు ప్రశ్నలూ అవే. స్కానర్ బండిలోని సెన్సర్లు చెప్పింది చెబుతుంది. తొడుగు లోపల తెగిన రాగిని చాలాసార్లు అది చూడలేదు, దాని అవతల ఉన్న వస్తువు పోయిందంటుంది. వస్తువు మారుస్తాం, తప్పు అలాగే ఉంటుంది, డబ్బు బండి యజమానిది పోతుంది. బ్యాటరీ స్కూటర్‌లోనూ వైరు ఇలాగే తెగుతుంది. పాయింట్ల ఇగ్నిషన్‌లో ఈ దారి అంతా కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. నేర్పడానికి ఇంతకన్నా మంచి పలక నాకు తెలియదు.

మా ఊరికి ఇది మరీ అవసరం. ఇక్కడ ఇత్తడి మరకు చిలుము పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. కాన్వెంట్ జంక్షన్ నుంచి వన్ టౌన్ దాకా రేవు బొగ్గు ధూళి, ముడి ఇనుము ధూళి ఇంట్లో గిన్నెల మీద కూడా కనిపిస్తుంది. ఉప్పు తేమ, ఆ ధూళి కలిసి డిస్ట్రిబ్యూటర్ మూత మీద పొరకడితే రవ్వ ప్లగ్గుకు వెళ్లకుండా ఆ పొర మీదుగా పారిపోతుంది. మూత మీద వెంట్రుకలాంటి నల్లటి గీతలు పడతాయి. పొడిగుడ్డతో తుడిస్తే కదిలే బండిని టోయింగ్ చేయించుకుని వెళ్లినవాళ్లు నాకు తెలుసు. పెదజాలరిపేట నుంచి ఔట్‌బోర్డ్ ఇంజన్లు కట్టుకుని వేటకు వెళ్లేవాళ్ల సంగతి ఇంకా వేరు. ఆ ఇంజన్లలో పాయింట్లుండవు, ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. అయినా రవ్వ రాకపోతే అక్కడ షెడ్డు లేదు, స్కానర్ లేదు, చుట్టూ నీళ్లు.

హుద్‌హుద్ తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. తరవాత మా వీధిలో వారం రోజులు కరెంటు లేదు. పక్కింటివాళ్ల చిన్న జనరేటర్ వానలో తడిసి తాడు ఎంత లాగినా అందుకోలేదు. మేస్త్రి గారు పడిపోయిన చెట్లు దాటుకుంటూ అల్లిపురం నుంచి నడిచి వచ్చారు. ప్లగ్గు ఆరబెట్టారు, రవ్వ లేదు. ఇంజను ఆపే స్విచ్చి తీగను ఊడదీశారు, రవ్వ వచ్చింది. ఆ స్విచ్చి చేసే పనే రవ్వను ఇనుములోకి దించి ఇంజను ఆపడం. అందులోకి నీళ్లు వెళ్లి అది ఎప్పుడూ ఆపుతూనే ఉంది. చిన్న ఇంజన్లలో రవ్వ లేదంటే మొట్టమొదట చూడాల్సింది అదేనని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి వీధంతా వచ్చి ఫోన్లకు చార్జింగ్ పెట్టుకుని, ఊళ్లలో ఉన్నవాళ్లకు బతికే ఉన్నామని చెప్పుకున్నారు.

ఇంకో సంగతి ఇక్కడ చెప్పాలి. విషయానికి కాస్త పక్కదైనా విశాఖవాళ్లకు చెప్పకుండా ఉండలేను. మా సింధియాలో షిప్‌యార్డు పెట్టిన వాల్‌చంద్ హీరాచందే ముంబయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. షిప్‌యార్డుకు 1941లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. కార్ల కంపెనీ 1944లో మొదలైంది. 1948లో మా రేవులోకి దిగిన ఓడ ‘జల ఉష’, నా ఇంటి ముందున్న పద్మిని ఒకే మనిషి పట్టుదల నుంచి వచ్చాయి. నాన్నగారికి ఇది తెలుసు. “నేను పనిచేసిన చోటూ, నేను కొన్న కారూ ఒకే చేతివి” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఓడ కట్టిన ఊరు, ఉక్కు పోసిన ఊరు ఇది. బెత్తెడు తీగ తెగితే కనుక్కోగల చెయ్యి ఈ ఊళ్లో కరువైపోతోందంటే నాకు కష్టంగా ఉంది.

ఇక నేను అడిగేది. కంచరపాలెం ఐటీఐలో, వీలైతే జిల్లాలో మిగతా ప్రభుత్వ ఐటీఐల్లోనూ, నాలుగడుగుల బల్ల ఒకటి వెయ్యించండి. దాని మీద ఒక 12 వోల్టుల బ్యాటరీ, తాళం, కాయిల్, డిస్ట్రిబ్యూటర్, దాన్ని తిప్పడానికి చేతి చక్రం, నాలుగు ప్లగ్గులు, ఒక బల్బు టెస్టర్. పక్కనే స్కూటర్ మాగ్నెటో ఒకటి, ఈ కాలపు కాయిల్ ఒకటి ఉంటే ఇంకా మంచిది, పాతదీ కొత్తదీ ఒకే దారి అని పిల్లలకు తెలుస్తుంది. బల్ల కింద నాలుగైదు స్విచ్చులు పెట్టాలి, బోధకుడు వాటితో పిల్లలకు తెలియకుండా తీగ తెంపొచ్చు, కలపొచ్చు. పరీక్షలో బొమ్మ గీయమని అడగడం మానెయ్యనక్కర్లేదు. దాంతోపాటు దాచిపెట్టిన తప్పును పట్టుకోమని కూడా అడగండి. ఎంతసేపట్లో పట్టుకున్నాడన్నది ముఖ్యం కాదు. ఏ పరీక్ష తరవాత ఏ పరీక్ష చేశాడో, ఎందుకు చేశాడో రాయించండి. చెడని వస్తువు మార్చమన్నవాడికి మార్కులు తగ్గించండి.

జాగ్రత్తలు కూడా ఆ బల్ల దగ్గరే నేర్పాలి. లావు వైరును వట్టి చేత్తో పట్టుకోకూడదు. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉండకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. ఇంజను నడవనప్పుడు తాళం తిప్పి వదిలేస్తే, పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ వేడెక్కి కాలిపోవచ్చు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండ్లలో వైరు ఊడదీసి గాల్లో వదిలి సెల్ఫ్ కొడితే లోపలి పెట్టె పోవచ్చు, అక్కడ ప్లగ్గును ఇంజను ఇనుముకు ఆనించే చూడాలి. ఇవి తెలియక చేతులు, సామాన్లు కాల్చుకున్నవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉన్నారు.

రెండో కోరిక డబ్బుతో పనిలేనిది. అల్లిపురం, జ్ఞానాపురం, దొండపర్తి, గాజువాక షెడ్లలో నలభై, యాభై ఏళ్లు పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్న మేస్త్రులు ఇంకా కొందరున్నారు. చాలామంది బడి మధ్యలో మానేసినవాళ్లు, కాగితం మీద చూపడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. వాళ్లను ఏడాదికి ఒక వారం అతిథి బోధకులుగా పిలవండి. ఆటో చార్జీలు, రోజు కూలీ ఇవ్వండి, శాలువా కన్నా అది వాళ్లకు గౌరవం. వాళ్లు చెప్పేదాన్ని ఎవరైనా తెలుగులో రాసి, బొమ్మలతో నాలుగు పేజీలు అచ్చువేసి ప్రతి పిల్లవాడి చేతిలో పెట్టండి. పుస్తకంలో లేనివి వాళ్ల నోట్లో చాలా ఉన్నాయి. రవ్వ రంగు, చప్పుడు, మాడిన పాయింటు వాసన చెప్పగలవాళ్లు వాళ్లే.

బల్లకు కావాల్సిన పాత డిస్ట్రిబ్యూటర్, అనవసరంగా మార్చిన మా పాత కాయిల్, మూడు జతల పాయింట్లు నేను ఇస్తాను. బల్లకు వైరింగ్ నా చేతులతో చేసిపెడతాను. ఆ కుర్రాడు కూడా వస్తానన్నాడు. తెగిన తీగను వాడు పారెయ్యలేదు, షెడ్డులో తన ఐటీఐ సర్టిఫికెట్ పక్కన మేకుకు తగిలించుకున్నాడు. దాన్ని కూడా బల్ల మీద పెట్టడానికి తెస్తానన్నాడు.

మేస్త్రి గారిని అడిగాను. వస్తానన్నారు. ఆయనకు ఇప్పుడు 76 ఏళ్లు. పొద్దున్న పది గంటల లోపు క్లాసు పెట్టించండి. ఆ తరవాత ఆయన చెయ్యి వణుకుతుంది.

ఇట్లు,
మర్రిపాలెం నుంచి ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్
విశాఖపట్నం